సున్నపు నేల మీద నురగ

పల్నాడులో సున్నానికి కొదవ లేదు. దాచేపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది, పిడుగురాళ్లలో బట్టీలు మండేది ఆ సున్నపురాయి వల్లే. ఆ సున్నం గోడకెక్కుతుంది, తమలపాకు మీదికి చేరుతుంది. తాటిచెట్టుకు కట్టే లొట్టిలోకీ వెళ్తుంది. లోపల సున్నం పూసిన లొట్టిలో పడ్డ తాటి రసం నీరా. పూయని లొట్టిలో పడితే అదే రసం కల్లు.

తేడా అంతా ఈస్ట్‌దే. సున్నం దాన్ని పనిచేయనివ్వదు. అప్పుడే కారిన రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. గాలిలో, పాత లొట్టి గోడల్లో ఉన్న ఈస్ట్ దాని మీద పడి చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. తెల్లవారుజామున దించిన లొట్టికి చెవి ఆనిస్తే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. అంచు దాకా తెల్లటి నురగ లేస్తుంది. పొద్దెక్కేకొద్దీ తీపి విరిగి ఘాటు పెరుగుతుంది, సాయంత్రానికి పులుపు తేలుతుంది. తీపి కల్లు ఎప్పుడు దొరుకుతుందో, తీపి చచ్చిన కల్లు ఎప్పుడు దొరుకుతుందో తాగేవాడికి పొద్దును చూస్తే తెలిసిపోతుంది.

ఇలాంటి నురగే ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతానికి ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చింది. అక్కడి ద్రాక్షతోటల కిందా సున్నపు నేలే, సుద్దలా మెత్తటి రాయి. సీసాలో రెండోసారి పులియబెట్టిన ద్రాక్షసారాలో వాయువు ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి దాదాపు ఆరు రెట్లు ఉంటుంది. ఒకప్పుడు నేలమాళిగల్లో సీసాలు ఒకదాని వెంట ఒకటి పేలిపోయేవి. 1836లో ఫ్రాన్స్వా అనే మందుల తయారీదారు ఎంత చక్కెరకు ఎంత వాయువు పుడుతుందో లెక్క కట్టి చూపించాక ఆ నష్టం తగ్గుతూ వచ్చింది. అప్పట్లో షాంపేన్ పాకంలా తియ్యగా ఉండేది. భర్త పోయాక వ్యాపారాన్ని భుజానికెత్తుకున్న లూయీజ్ పొమ్మెరీ రాన్స్ నగరం కింద పాత సుద్దరాతి గనులను నేలమాళిగలుగా మలిచింది. ఇంగ్లండువాళ్ల రుచికి తగ్గట్టు 1874 పంటతో తీపి లేని 'బ్రూట్' రకాన్ని నిలబెట్టింది. ఇవాళ లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు.

కల్లు కథ వేరే దారి పట్టింది. గీత కుటుంబాలకు చెట్టు సంగతి క్షుణ్ణంగా తెలుసు: పోతుతాడి ఏది, పెంటితాడి ఏది, గెలను ఎలా నొక్కి కట్టాలి, రోజూ ఎంత పలచగా చెక్కాలి. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి, చెట్టెక్కే మోకుతో పాటే వచ్చింది.  కానీ పాలకుల కంటికి కనిపించింది చెట్టు మీద వచ్చే పన్నే.

1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో గీతకు లైసెన్సులు, పన్నులు, వేలంపాటలు గట్టిగా బిగుసుకున్నాయి. సహాయ నిరాకరణ మొదలయ్యాక 1921లో కల్లు దుకాణాల దగ్గర పికెటింగ్ సాగింది.  తర్వాత మద్యనిషేధం వచ్చింది. అప్పటి మద్రాసు ప్రభుత్వాధినేత రాజాజీ దాన్ని 1937లో సేలంలో మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడపలకు విస్తరించారు. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ తాటిచెట్టు తప్ప మరో ఆధారం లేని వేల కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయి.

ఆ బాధ ఎంత దూరం పోయిందో 1954 చెబుతుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది తిరిగింది. నిషేధాన్ని సమీక్షించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయాలని చెప్పింది, ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న సత్యాగ్రహానికి దిగారు. ఈ వివాదం మీదే నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం కూలిపోయింది. మోకు కట్టేవాడి ఆకలి శాసనసభ దాకా నడిచిన రోజది.

షాంపేన్ రైతులూ వీధికెక్కినవాళ్లే. బయటి ద్రాక్షతో చేసిన సరుకును తమ పేరుతో అమ్ముతున్నారని 1911లో అల్లర్లు చేశారు. ఫలితంగా 1927 చట్టం ఆ పేరుకు హద్దులు గీసింది. వాళ్ల విద్యను చట్టం కాపాడింది. గీత విద్య దగ్గరికి వచ్చేసరికి చట్టం పన్నుగానో నిషేధంగానో మాత్రమే వచ్చింది. ఈ అన్యాయాన్ని ఇంకా ఎవరూ పూర్తిగా సరిదిద్దలేదు.

కొన్ని అడుగులు మాత్రం పడ్డాయి. తూర్పున పందిరిమామిడి పరిశోధనా కేంద్రం తాటి మీద పనిచేస్తోంది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వ నీరా కేఫ్ తెరుచుకుంది. చెట్టు మీంచి జారిపడి చనిపోకుండా గీత కార్మికులను కాపాడటానికి 2024లో తెలంగాణ 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. పల్నాడులో సున్నం ఉంది, తాటిచెట్లున్నాయి, ఎక్కడం తెలిసిన చేతులింకా ఉన్నాయి. ఆ చేతులు ముసలివైపోకముందే దాచేపల్లి వైపు కూడా ఒక నీరా కేంద్రం రావాలి, ప్రతి మోకుకూ ఒక భద్రతా తాడు తోడవ్వాలి.