కుండలీకరణముల భాషకు క్రొత్త విద్యార్థులు

కంప్యూటరునకు పని చెప్పుటకై మనుష్యులు కల్పించిన భాషలు వందలకొలది కలవు. వానిలో కొన్ని మాత్రమే లోకవ్యవహారములో నలుగుచున్నవి. తక్కినవి చిన్న చిన్న పండితగోష్ఠులలో బ్రదుకుచున్నవి. అట్టి గోష్ఠికి క్రొత్తవారు ఎట్లు వత్తురు? వచ్చినవారు నిలుచుటకు ఏమి చేయవలెను? స్కీమ్ అను భాష చరిత్ర ఈ విషయమున, ముఖ్యముగా ఉపాధ్యాయులకు, ఆలోచింపదగినదిగా నున్నది.

స్కీమ్ మంచి వంశమున పుట్టినది. 1958లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జాన్ మెకార్తీ లిస్ప్ అను భాషను ఆరంభించెను. 1975లో అచ్చటనే గై స్టీల్, జెరాల్డ్ సస్మన్ అనువారు దానిని వడగట్టి స్కీమ్‌ను తయారుచేసిరి. రెండును మూడును కూడవలెనన్నచో ఇందులో (+ 2 3) అని వ్రాయవలెను. చేయవలసిన పని ముందు, రాశులు తరువాత, చుట్టును కుండలీకరణము. వ్యాకరణము ఇంచుమించు ఇంతే. ఇంత చిన్న వ్యాకరణము గల భాష పిల్లలకు సులభముగా పట్టుబడునని ఎవరైనను అనుకొందురు. పట్టుబడలేదు.

1995లో టెక్సాస్ రాష్ట్రమందలి రైస్ విశ్వవిద్యాలయమున మథియాస్ ఫెలైసెన్ అను ఆచార్యుడు ఈ భాషను ఉన్నత పాఠశాలలకు చేర్ప సంకల్పించెను. ఆయన శిష్యులు రాబర్ట్ ఫిండ్లర్, మాథ్యూ ఫ్లాట్, శ్రీరామ్ కృష్ణమూర్తి ఆయనకు తోడైరి. భాష గొప్పతనమును చాటుటకు ముందు, నేర్చుకొనువారు ఎచ్చట తడబడుచున్నారో వారు గమనించిరి.

ఒక ఉదాహరణము. ఇచ్చిన సంఖ్యకు 1 కలుపు ప్రమేయమును వ్రాయవలెను. విద్యార్థి (+ క 1) అని వ్రాయుటకు మారుగా, కుండలీకరణము మరచి + క 1 అని వ్రాసెననుకొనుడు. స్కీమ్‌లో ఇది తప్పు కాదు. యంత్రము మొదట కూడిక గుర్తును చూచి విడుచును. తరువాత క విలువను చూచి విడుచును. చివరనున్న 1ని సమాధానముగా నిచ్చును. 5 ఇచ్చినను 1, 100 ఇచ్చినను 1. పొరపాటని యంత్రము చెప్పదు. ఎక్కడ వెదకవలెనో పిల్లవానికి తెలియదు. అనేక సమాసములను వరుసగా వ్రాయు స్వేచ్ఛ ప్రవీణునికి అవసరమే, కాని ప్రారంభకునికి అది ఉచ్చు.

ఆ బృందము నిర్మించిన డాక్టర్ స్కీమ్ అను ఉపకరణమున భాషను మెట్లుగా విభజించిరి. మొదటి మెట్టున ప్రమేయమునందు ఒకే సమాసముండవలెను. పైన చెప్పిన తప్పు చేసినచో యంత్రము వెంటనే ఆగి, ఒక సమాసముండవలసిన చోట అదనముగా రెండు భాగములున్నవని తెలుపును. విద్యార్థి ముదిరినకొలది పై మెట్లు తెరువబడును. గుణింతములు రానిదే పెద్ద మాటలకు పోని మన బాలశిక్ష చదివినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. 2001లో ఆ నలుగురును కలసి ఒక పాఠ్యగ్రంథమును ప్రకటించి, దానిని అంతర్జాలమున ఉచితముగా కూడ ఉంచిరి. ప్రోగ్రామును వ్రాయకముందే, ఏ రాశికి ఏ ఫలితము రావలెనో ఉదాహరణలు వ్రాయుమని అది నేర్పును. వేసవి సెలవులలో ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు కూడ జరిపిరి.

అయితే పరీక్ష అడ్డు వచ్చెను. కళాశాలలో గణింపబడుటకై అమెరికా ఉన్నత పాఠశాలల విద్యార్థులు వ్రాయు కంప్యూటరు పరీక్షకు 1984 మొదలు పాస్కల్, 1999 నుండి సి ప్లస్ ప్లస్, తరువాత కొలదికాలమునకే జావా భాషగా నిర్ణయింపబడెను. స్కీమ్‌కు అందు చోటు దొరకలేదు. ఎంత ఉత్సాహముతో తిరిగివచ్చిన ఉపాధ్యాయుడైనను తన పిల్లలను పరీక్షకు సిద్ధపరుపక తప్పదు గదా!

అప్పుడు మరియొక ద్వారము తెరచుకొనెను. గణితోపాధ్యాయుడుగా పనిచేసిన ఇమాన్యుయెల్ షాంజర్, ఈ భాషతో చిన్న ఆటలను తయారుచేయించుచు బీజగణితము నేర్పు బూట్‌స్ట్రాప్ అను ప్రణాళికను ఆరంభించెను. ఇది కంప్యూటరు తరగతికిగాక గణిత తరగతికే పోయెను. పెక్కు భాషలలో క = క + 1 అని వ్రాయుదురు; అది చూచి బీజగణితోపాధ్యాయుడు తల పట్టుకొనును. స్కీమ్ తొలిమెట్టున అట్టి చిక్కు లేదు. ప్రమేయము, చలరాశి అను మాటలకు గణితమునందున్న అర్థమే ఇందును గలదు.

2010 నాటికి ఆ బృందపు భాష స్కీమ్ నుండి చాల దూరము వచ్చుటచే దానికి రాకెట్ అని క్రొత్త పేరు పెట్టిరి. అప్పటికి పదునైదేండ్ల శ్రమ జరిగినది. అయినను 2011లో గియోమ్ మార్సో, కాథీ ఫిస్లర్, కృష్ణమూర్తి ప్రకటించిన పరిశీలన వారికే చేదుగా నుండి యుండును. అంత జాగ్రత్తగా వ్రాసిన తప్పుల సందేశములు కూడ విద్యార్థులకు సరిగా బోధపడుట లేదు. సందేశములలోని పారిభాషిక పదములను ప్రతిదినము చదువుచున్నను, తమ ప్రోగ్రాములో అవి ఏ భాగములకు పేర్లో పలువురు చూపలేకపోయిరి. ఆ తరువాత ఆ సందేశములను తక్కువ పదములతో తిరిగి వ్రాసిరి.