బొంత చరిత్రము - క్రొత్తగా కుట్టువారికి కొన్ని మాటలు



నేడు నేను ప్రసంగింపబూనినది రాజుల చరిత్రము కాదు, కోటల చరిత్రము కాదు. మన యిండ్లలో మడతపెట్టి యటుకపై నుంచిన బొంత చరిత్రము. నేను భాగ్యనగరమునకు ఆగ్నేయముననున్న మీర్‌పేటలో నివసించువాడను. దాపుననున్న దిల్‌సుఖ్‌నగరపు అంగళ్లలో యంత్రములపై నేసిన దుప్పట్లు కొల్లలుగా దొరకుచుండగా బొంత యేల యని కొందఱందురు. కుట్టవలెనని యున్నది, ఎట్లు మొదలిడవలెనో తెలియదని మఱికొందఱందురు. ఈ రెండవవారి కొఱకే యీ ప్రసంగము.

బొంత వేఱు, రజాయి వేఱు. దూదేకులవారు ఏకిన దూదిని నింపి కుట్టినది రజాయి. పాతచీరలను పొరలుగా పఱచి కుట్టినది బొంత. సంస్కృతమున దీనిని కంథ యందురు. భర్తృహరి వైరాగ్యశతకమున విరాగి ధరించు చినిగిన కంథ ప్రసక్తి గలదు. బౌద్ధుల వినయపిటకమున నింకను ముచ్చటైన సంగతి యున్నది. గట్లతో నొప్పుచున్న మగధదేశపు వరిమళ్లను చూపి, భిక్షువుల వస్త్రమును అట్లే కూర్పగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగెనట. ఆనందుడు ముక్కలను మళ్లవలెను, కుట్లను గట్లవలెను అమర్చి చూపెను. మడికట్టు తెగిన నీరు నిలువదని యెఱిగిన మీకు ఈ యుపమానము విప్పి చెప్పనక్కఱలేదు.

మన దేశపు గుడ్డముక్క సముద్రములు దాటి గౌరవము పొందినది. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము గొప్ప రేవు. ఇంగ్లీషు వర్తకులు 1611లో అచ్చట వర్తకశాలను నెలకొల్పిరి. చిరువేరుతోను పటికతోను అద్దిన యెఱుపు ఉతికినకొలది వెలయుటయే గాని వెలిసిపోదని పేరు. ఐరోపా స్త్రీలు ఆ వస్త్రములపై మోజుపడగా అచ్చటి నేతగాండ్రు మొఱపెట్టిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించి 1759 వఱకు ఆ నిషేధమును నిలిపెను. ఇంగ్లండులో 1700, 1721 సంవత్సరములలో శాసనములు పుట్టి 1774లో సడలినవి. అట్టి గుడ్డలో ముక్కయైనను పాఱవేయబుద్ధి పుట్టునా? పూవులను కత్తిరించి తెల్లగుడ్డపై కుట్టుకొనిరి. ఇంగ్లండులోని లెవెన్సు హాలు అను గృహమున, 1708 ప్రాంతమున కుట్టినదని చెప్పబడు దుప్పటి మన దేశపు అద్దకపు ముక్కలతో కూర్చినదే. ఆ దేశమున నిలిచియున్న ముక్కల దుప్పట్లలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో నది యొకటి.

అంత దూరము పోనేల? మా ప్రాంతమునుండి నాగార్జునసాగరమునకు పోవు బాట పట్టినచో దేవరకొండ సీమలో లంబాడీల తండాలు కానవచ్చును. వీరి పూర్వులు ఎద్దులపై ధాన్యము, ఉప్పు మోయించుచు దేశమెల్ల తిరిగినవారు. పదునేడవ శతాబ్దమున టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు అట్టి బిడారులను వర్ణించినాడు. ఇల్లే కదలుచుండువారికి గుడ్డయే సంపద. పొరలు చేర్చి, అద్దములు తాపి వారు కుట్టిన సంచులు, దుప్పట్లు చూడదగినవి.

ఇక క్రొత్తగా మొదలిడువారికి నా మనవి. తొలిసారి పెద్దది తలపెట్టకుడు. పసిబిడ్డకు చాలునంతటి బొంత కుట్టుడు. మెత్తబడిన నూలుచీరలనే తీసికొనుడు. పట్టు జాఱును, నైలాను చెమటను పీల్చదు. క్రొత్తగుడ్డ కలుపదలచినచో ముందుగా ఉతికి ఆరవేయుడు; లేనిచో తరువాత కుదించుకొని బొంతను ముడతలు పెట్టును, రంగు దిగి తక్కిన పొరలను చెఱచును. మిక్కిలి జీర్ణమైన గుడ్డను గట్టిగుడ్డప్రక్క చేర్చకుడు. బలముగలది లాగగా బలహీనమైనది చినుగును.

మూడు నాలుగు పొరలను చాపపై ముడత లేకుండ పఱచి, నడుమనుండి అంచులవైపు దూరదూరముగా పెద్దకుట్లు వేసి పొరలను నిలుపుడు. పిమ్మట వ్రేలెడు దూరమున నొక్కొక్క వరుసగా సన్నని కుట్టు నడపుడు. దారము మూరెడు, మూరన్నరకు మించినచో చిక్కుపడును. ముడిని పొరల నడుమ దాచుడు. దారమును బిగలాగకుడు, గుడ్డ ముడుచుకొనును. వ్రేలికి దర్జీల అంగుస్తాను తొడుగుడు. కుట్టు సమముగా రాలేదని విప్పవలదు. పది వరుసలు గడచునప్పటికి చేయి తనంతట తానే కుదురును. కడపట పెద్దకుట్లను తీసివేసి అంచు మడచి కుట్టుడు.

పెద్దలారా, తామ్రశాసనము భూమిలో దాగియుండి యెన్నడో బయటపడును. బొంత కట్టా? అది చినుగువఱకు కప్పుకొనబడి మాయమగును. ఈ విద్యకు గ్రంథము లేదు. చేతినుండి చేతికి పోవుటయే దీని పరంపర. ఒక్క తరము నేర్వకున్న చాలు, అది తెగును. కావున మీ యింటి ముసలమ్మను, మనుమరాలిని ఒక్క చాపపై కూర్చుండబెట్టుడు. పాతచీరలకు స్టీలుగిన్నెలిచ్చువాడు వాకిట కేకవేయునప్పుడు, మీ తల్లి కట్టిన చీరను వానికిచ్చుటకు ముందు ఒక్క నిమిషము ఆలోచింపుడు. గిన్నె యే యంగడిలోనైనను దొరకును.