చేవ, గుగ్గిలం: భావనపాడు తీరం నుంచి ఒక కలప చరిత్ర

తెలుగులో ‘చేవ’ అంటే మాను నడిమి గట్టి భాగం. మనిషిలోని సత్తువ కూడా. రైల్వేల చరిత్రను మొదటి అర్థంతో చదివిన సందర్భాలు తక్కువ. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు తీరం అందుకు అనువైన చోటు.

ఈ తీరపు జాలరికి బరువైన కలపతో పని లేదు. తెప్పకు నీట తేలే తేలికైన దుంగలు కావాలి. కెరటాల తాకిడికి విరగక వంగే మసూలా పడవకు కొబ్బరిపీచు తాడుతో కుట్టిన పలకలు కావాలి. అయితే 1893-96 మధ్య తూర్పుకోస్తా రైలుమార్గం సమీపంలోని నౌపడ మీదుగా సాగినప్పుడు కలపకు వేరే గిరాకీ పుట్టింది. పట్టాల కింది స్లీపరు మేకును పట్టి ఉంచాలి, బండి బరువుకు నలగకూడదు, చెదకు లొంగకూడదు. మందు పట్టించకుండానే ఈ పనికి నిలిచే దేశీయ కలపల్లో గుగ్గిలం చెట్టు, అంటే సాలవృక్షం, చేవ ముఖ్యమైనది. దాని ఘనమీటరు బరువు 800 కిలోలకు పైమాటే. పచ్చి దుంగ నీట మునుగుతుంది. వెదురు కట్టలు జతచేయనిదే ఏటి వెంట దిగదు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన, 1931 నాటికి గుణుపురం చేరిన చిన్నగేజి మార్గాన్ని జమీందారీ వైభవంగానే చూడటం చాలదు. బరువైన సరుకు కొండసీమ దాటే దారిగా కూడా దాన్ని పరిశీలించాలి.

పశ్చిమ ఆఫ్రికా ‘ఎక్కి’ (అజోబే) కలప ఇంకా సాంద్రమైనది: ఘనమీటరు 1000 కిలోలు దాటుతుంది, ఆరినా మునుగుతుంది. నెదర్లాండ్స్‌లో కాలువల లాకు తలుపులకు, పారిస్ మెట్రోలో స్లీపర్లకు దాన్ని వాడారు. సాలవృక్షంతో దానికి వృక్షకుటుంబ బంధుత్వం లేదు. చేసిన చాకిరీ మాత్రం ఒకటే.

సాలవృక్షానికి రెండో సంపద గుగ్గిలం. బెరడుకు గాటు పెడితే కారే ఈ జిగురును నూనెతో కాచి, మేకులు కొట్టిన ఓడల అతుకులు పూడ్చేవారు. గాటు వల్ల కలప పాడవుతుందన్నది అటవీ అధికారుల వాదన. 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవిలో చెట్టుకు గాటు పెట్టడం శిక్షార్హమైంది. స్లీపరుకు కావలసిన చేవను కాపాడే క్రమంలో, గుగ్గిలం ఏరుకునే గిరిజనుడు నేరస్థుడయ్యాడు. అటవీ నివేదికల్లో కలప ఘనపుటడుగుల లెక్కల పక్కన ఈ నష్టానికి పద్దు కనిపించదు.

భావనపాడు వద్ద నేడు ఫైబరు పడవలు తిరుగుతున్నాయి. వాటి అతుకులకు గుగ్గిలం అక్కరలేదు.