బహిరంగ స్థలాల పోలీసు గస్తీ (కోనసీమ)

తోటలు, తీర్థాలు జరిగే మైదానాలు, ఏటి రేవులు, సముద్రతీరం, బజారు కూడళ్లు వంటి చోట్ల స్థానిక పోలీసులు తిరుగుతూ కాపలా కాయడాన్ని బహిరంగ స్థలాల గస్తీ అంటారు. లండన్‌లో 1872 నాటి చట్టం రాజోద్యానాల కాపలాదారులకు కానిస్టేబుల్ అధికారాలిచ్చింది. 2004లో ఆ పని నగర పోలీసుల చేతికి వెళ్లింది. కోనసీమలో అలా పార్కులకంటూ వేరే దళం లేదు. ఇక్కడ ఈ బాధ్యత మొదట ఊరి కాపలాదారైన తలారిది, తర్వాత ఠాణాది.

ఈస్టిండియా కంపెనీ పాలనకు ముందు ఊరి పొలిమేర, చెరువుగట్టు, కళ్లాలు, సంత తలారి కనుసన్నల్లో ఉండేవి. అతనికి ప్రతిఫలం మాన్యం, పంటల వేళ కొలిచే మేర. ఊళ్లో కొత్త ముఖం కనబడితే ఆరా తీయడం, దొంగల అడుగుజాడ పట్టడం అతని విద్య. ఊరిని అంతగా ఎరిగిన కాపలా మళ్లీ ఏర్పడలేదనే చెప్పాలి.

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చినప్పుడు జమీందార్లను పోలీసు బాధ్యత నుంచి తప్పించి దరోగాలనే పోలీసు అధికారులను నియమించింది. ఊరితో సంబంధం లేని ఆ ఏర్పాటు నిలవలేదు. 1816 నాటి 11వ రెగ్యులేషన్ పోలీసు పెత్తనాన్ని కలెక్టరుకు, ఆయన కింద తహశీల్దారుకు అప్పగించి, గ్రామ మునసబునూ తలారినీ తిరిగి చట్టంలోకి తెచ్చింది. చిన్న తగాదాలకు దిగినవారిని మునసబు 12 గంటల వరకు చావడిలో ఉంచగలిగేవాడు. కింది కులాలవారినైతే 6 గంటల దాకా కాళ్లు బిగించే కొయ్యబొండలో వేయించగలిగేవాడు. ఒకే తప్పుకు కులాన్ని బట్టి రెండు శిక్షలు రాసిపెట్టిన ఈ నిబంధన ఆ రెగ్యులేషన్‌కు మాయని మచ్చ.

శిస్తు వసూలు, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండటం వల్ల రైతులు ఎన్ని హింసలు పడ్డారో 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం బయటపెట్టింది. దాని ఫలితమే రెవెన్యూ నుంచి వేరుపడిన పోలీసు శాఖ. 1858లో విలియం రాబిన్సన్ దాని తొలి ఛీఫ్ కమిషనరయ్యాడు. 1859లో ఆ శాఖ కోసం 24వ చట్టం వచ్చింది. కోనసీమ ఉన్న రాజమండ్రి జిల్లా గోదావరి జిల్లాగా మారిందీ ఆ ఏడాదే. 1861 నాటి పోలీసు చట్టంలో 31వ సెక్షన్ దారులు, ఘాట్లు, పడవ రేవులు, జనం చేరే తావుల్లో క్రమం కాపాడటాన్ని పోలీసు విధిగా చెప్పింది. నదీపాయలూ సముద్రమూ చుట్టుముట్టిన సీమకు ఇది అతికినట్టు సరిపోయే నిబంధన. వంతెనలు వచ్చేదాకా ఇక్కడివారికి పడవ దాటకుండా పొరుగు ప్రాంతమే లేదు.

తర్వాతి శతాబ్దమంతా ఠాణాలు పెరిగి తలారి ప్రాముఖ్యం తగ్గిన కాలం. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి.

కోనసీమ పోలీసులకు పెద్ద పరీక్షలు పండుగలే. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు చేరతాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక ఏరు దాటి వస్తాయి. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, దసరాకు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా అనే ఆయుధ విన్యాసాల ప్రదర్శన ఉంటాయి. ఈ వేడుకల్లో బందోబస్తు మెళకువంతా జనాన్ని ఆపకుండా దారి చూపడంలోనే ఉంది. సంక్రాంతికి కొబ్బరితోటల్లో వెలిసే కోడిపందేల బరులు మాత్రం శాఖకు తీరని తలనొప్పి. 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్నా, 2016 డిసెంబరులో హైకోర్టు గట్టిగా చెప్పినా పందేలు ఆగలేదు.

2020 సెప్టెంబరులో అంతర్వేది రథం అర్ధరాత్రి దగ్ధమైంది. ఆ తర్వాత గుళ్ల ఆవరణల కాపలా, సీసీ కెమెరాల మాట రాష్ట్రమంతటా బలంగా వినిపించింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. మే 24న జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో హింస చెలరేగింది. మంత్రి, శాసనసభ్యుడి ఇళ్లకు నిప్పు పెట్టారు. పోలీసులకూ గాయాలయ్యాయి. ఆపైన సీఆర్పీసీ 144, పోలీసు చట్టం 30 సెక్షన్ల కింద కూడళ్లలో పికెట్లు నిలిచాయి, మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. 2025 మే 26న ముమ్మిడివరం మండలం కమిని లంక దగ్గర గోదావరిలో స్నానానికి దిగిన 8 మంది యువకులు మునిగిపోవడంతో ఏటి ఒడ్డు కాపలా మరోసారి చర్చకొచ్చింది.

స్త్రీల భద్రతకు ప్రత్యేక గస్తీ తెలుగునాట హైదరాబాదులో మొదలైంది. 2014 అక్టోబరు 24న అక్కడ షీ టీమ్స్ ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించారు. మహిళల కోసం తొలి దిశ పోలీసు స్టేషన్ 2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలో ప్రారంభమైంది. 2025 మార్చి 8న మహిళల రక్షణకు శక్తి యాప్ వచ్చింది. అదే పేరుతో ఉన్న పోలీసు శక్తి బృందాలు కళాశాలలు, బస్టాండ్లు, పార్కుల వంటి చోట్ల తిరుగుతూ ఆకతాయిలను అదుపు చేస్తాయి, ఆపదలో ఉన్నవారి ఫోనుకు కదిలివస్తాయి.