పెరటి హరితగృహానికి కాంక్రీటు పునాది: ముందే తేల్చుకోవలసిన విషయాలు

హోసూరు పరిసరాలలో గులాబీ సాగుకు వేసిన పెద్ద పాలీహౌస్‌లను చూసినవారికి, తమ పెరట్లోనూ చిన్న హరితగృహం ఉంటే బాగుండునని తోచడం సహజం. నారు పెంచుకోవడానికి, కూరగాయలకు, పూలమొక్కలకు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల గృహం సరిపోతుంది. ఇనుప గొట్టాలు, ప్లాస్టిక్ పట్టాతో కట్టే ఈ గృహం బరువు స్వల్పం. కనుక దానిని మోయడం కన్నా, గాలికి లేచిపోకుండా పట్టి ఉంచడమే పునాదికి ముఖ్యమైన పని.

నేల అంతటా గచ్చు అవసరమా అన్నది మొదట నిర్ణయించుకోవాలి. మొక్కలు నేలలోనే పెంచదలిస్తే గచ్చు వలదు. స్తంభాల కింద సుమారు 2 అడుగుల లోతు గుంతలు తీసి కాంక్రీటు నింపితే చాలును. కుండీలు, నారు ట్రేలు బల్లలపై ఉంచేవారికే పూర్తి గచ్చు ఉపయోగం.

పిదప నేల స్వభావం చూడాలి. హోసూరు, కోలారు ప్రాంతాల ఎర్రనేలలో పైమట్టి తీసి, 4 అంగుళాల మొరం పరచి, తడిపి దిమ్మిస కొట్టాలి. బళ్లారి వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. అక్కడ మరింత లోతుగా తవ్వి మొరం నింపకపోతే గచ్చు పగులుతుంది. యానాం, ఒడిశా తీరాలలో తుపాను గాలులను దృష్టిలో ఉంచుకొని బోల్టులు బిగించాలి.

కొలత వేసేటప్పుడు రెండు కర్ణాలూ సమానంగా, అంటే 12 అడుగుల 9½ అంగుళాలకు కొంచెం పైన ఉంటేనే మూలలు సరిగా ఉన్నట్లు. గచ్చు మందం 4 అంగుళాలు. బోల్టులు దిగే అంచుల వెంట 8 అంగుళాల వెడల్పున మందం 8 అంగుళాలు ఉండాలి. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపితే 50 కిలోల బస్తాలు 7, ఇసుక 16, కంకర 32 ఘనపుటడుగులు కావాలి. బస్తాకు నీరు 32 లీటర్లు మించరాదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని సులువని నీరు ఎక్కువ పోస్తే గచ్చు బలహీనపడుతుంది.

8 అడుగుల వెడల్పుకు ఒక అంగుళం వాలు ఇవ్వాలి. ఆ వాలు పొరుగువారి గోడవైపు కాక, సొంత కాలువవైపు ఉండాలి. నీటి గొట్టం, బోల్టులు కాంక్రీటు పోయకముందే అమర్చాలి. గట్టిపడిన తరువాత వాటిని చేర్చాలంటే గచ్చు పగలగొట్టవలసిందే.

చివరిది నీళ్లు పట్టడం. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటుకు 10 రోజులు తడి ఆరనీయరాదు. మండువేసవిలో ఇవి 10, 14 రోజులు కావాలి. తడి గోనెపట్టాలు కప్పితే నీరు ఆదా అవుతుంది. మేస్త్రిని పిలిచే ముందే ఈ కొలతలన్నీ ఒక కాగితంపై గీసి ఇంట్లో అందరూ చూసుకుంటే, పెట్టిన సొమ్ము వృథా కాదు.