పేదలోయలో శనివారపు పాట

అమెరికా దేశమున బ్రిస్టల్ అను పట్టణమునకొక విశేషము కలదు. ఊరి నడుమ సాగు స్టేట్ స్ట్రీట్ అను పెద్ద వీథికి ఒక ప్రక్కన టెన్నెసీ రాష్ట్రము, రెండవ ప్రక్కన వర్జీనియా రాష్ట్రము. సరిహద్దు వీథి నడిమిగీత వెంబడిని పోవుటచేత, ఈ వరుసలోని అంగడిలో టోపీ కొని ఆ వరుసలోని అంగడిలో చెప్పులు కొన్నవాడు రాష్ట్రము దాటినవాడగును. ఊరిపేరు ఒక్కటే, పురపాలక సంఘములు రెండు. ఈ వీథిలో టెన్నెసీ వైపున టేలర్-క్రిస్టియన్ టోపీల కంపెనీవారి మేడ యొకటి యుండెడిది. 1927వ సంవత్సరము జూలై 25 మొదలు ఆగస్టు 5 వరకు ఆ మేడమీద జరిగిన పాటల రికార్డింగును పురస్కరించుకొని, అమెరికా కాంగ్రెసు 1998లో ఈ పట్టణమును కంట్రీ సంగీతమునకు జన్మస్థానముగా గుర్తించినది.

జన్మస్థానమను మాటను నేను సంకోచముతోనే అంగీకరింతును. ఆ పాట అంతకు ఎన్ని తరములముందో అప్పలాచియన్ కొండలలో పుట్టి పెరిగినది. స్కాట్లండునుండియు ఐర్లండునుండియు ఇంగ్లండునుండియు ఓడలెక్కి వచ్చిన కాపుకుటుంబములు తమ కథాగేయములను, ఫిడేలును వెంట తెచ్చుకొనగా, బానిసలుగా తేబడిన ఆఫ్రికా ప్రజలు సొరబుర్రకు తోలు బిగించి తంత్రులు కట్టిన తమ వాద్యమును జ్ఞాపకముంచుకొని అక్కడ మరల చేసికొనిరి, అదియే బాంజో. దేవాలయముల కీర్తనలు, గనులలోని శ్రామికుల పదములు, రైలుదారుల పాటలు వీనితో కలిసినవి. 1916 మొదలు 1918 వరకు సెసిల్ షార్ప్ అను ఆంగ్ల పండితుడు మాడ్ కార్పలీస్ అను సహాయకురాలితో ఈ కొండలయందు తిరిగి వందలకొలది వరుసలను స్వరపరచి వ్రాసికొని పోయెను. ఆయన శ్రమ గొప్పది. అయినను ఆయన చెవి ఇంగ్లండు పోలికలనే వెదకినది గాని, ప్రక్కయింటి నల్లవాని గొంతును విననొల్లలేదు. ఈ లోపము తరువాతివారికిని సంక్రమించినది.

పాటలు రికార్డు చేయుటకు బ్రిస్టల్‌కు వచ్చిన రాల్ఫ్ పీర్ పండితుడు కాడు, వర్తకుడు. 1923లో ఆయన ఓకే అను రికార్డుల కంపెనీ పక్షమున అట్లాంటా నగరమున ఫిడ్లిన్ జాన్ కార్సన్ అను వృద్ధగాయకుని పాటను రికార్డు చేసెను. ఆ గానము పీర్‌కు రుచింపనే లేదు; కాని స్థానిక వర్తకుడొకడు పట్టుపట్టి తెప్పించుకొన్న 500 రికార్డులు చూచుచుండగనే చెల్లిపోయినవి. పల్లెజనులు తమ పాటను తాము డబ్బిచ్చి కొందురని కంపెనీలవారు అప్పుడు గ్రహించిరి. వారు పాటను రెండుగా చీల్చి, నల్లవారి పాటలకొక జాబితా, కొండప్రాంతపు తెల్లవారి పాటలకు వేరొక జాబితా అచ్చువేసిరి. ఒకే వీథిలో, ఒకే వాద్యముపై, ఒకరివద్ద మరియొకరు నేర్చిన పాట అంగడికి వచ్చుసరికి రెండు కులములుగా విడిపోయెను. ఆ సంగీతచరిత్రలో ఇంతకంటె దుఃఖకరమైన ఘట్టమును నేనెరుగను.

1927నాటికి పీర్ విక్టర్ కంపెనీకి మారియుండెను. గ్రామఫోను బూరయెదుట చెవియొగ్గి కూర్చున్న కుక్కబొమ్మ మన తాతల యిండ్లలో పాతరికార్డులపై కనబడెడిది గదా. అమెరికాలో ఆ బొమ్మ విక్టర్ కంపెనీవారిదే. మనవారు 'కుక్కగుర్తు' రికార్డులపై నాటకపద్యములు వినుచున్న దినములలోనే, అదే గుర్తుగల కంపెనీవాడు టోపీలమేడ యెక్కి కొండజనుల పాటలకొరకు కాచుకొని కూర్చుండెను.

ఆ గది యెట్లుండెనో కొంచెము దగ్గరనుండి చూతము. వీథిలోని సందడి లోనికి రాకుండను, పాట గోడలకు తగిలి మారుమ్రోగకుండను గదిచుట్టును బొంతలు వ్రేలాడగట్టిరి. అంతకు రెండేండ్లక్రిందట వాడుకలోనికి వచ్చిన విద్యుత్ మైక్రోఫోను గాయకుని యెదుట నిలిపిరి. పూర్వము బూరలోనికి గొంతు చించుకొని పాడవలసినవారు ఇప్పుడు ఇంటివసారాలో పాడుకొన్నంత మెల్లగా పాడవచ్చును. మైనపు పళ్లెమును త్రిప్పుటకు మాత్రము విద్యుత్తును నమ్మలేదు. విద్యుత్తు హెచ్చుతగ్గులైనచో పళ్లెపు వేగము మారి, స్వరము చెడును; అందుచేత నూతిగిలకపై చేద దిగినట్లు ఒక బరువును గిలకమీదుగా దింపి, ఆ దిగుడు వేగముననే పళ్లెము తిరుగునట్లు ఏర్పాటుచేసిరి. మైనముపై సూది గీతగీయుచుండగా మూడు నిమిషములలో పాట ముగియవలెను. ఇరువది చరణముల కథాగేయమును రాత్రి భోజనానంతరము తాపీగా పాడుటకలవాటుపడినవారు ఏ చరణము విడువవలెనో, ఏది ఉంచవలెనో ఆ మేడమెట్లపైననే నిశ్చయించుకొనవలసి వచ్చినది. ఈనాడును సినిమాపాట మొదలు ప్రేమగీతము వరకు లోకమునందు వినబడు పాటలు చాలవరకు మూడు నాలుగు నిమిషములలో ముగియుటకు ఆ పళ్లెపు వ్యాసమే తొలికారణము.

తొలిదినములలో ఎర్నెస్ట్ స్టోన్‌మన్ వంటి పరిచితులు పాడిరి. ఆయనకు గడచిన సంవత్సరము రికార్డుల మూలమున 3,600 డాలర్లు వచ్చినవని స్థానికపత్రిక వ్రాయగనే, కొండలనుండి జనము కదలినది. పాటకు 50 డాలర్లు, ఆపై అమ్మిన రికార్డుల లెక్కన స్వల్పభాగము. మొత్తము 19 బృందములు 76 పాటలు పాడిరి. కెంటకీ ప్రాంతపు పాదరులు భక్తిగీతములు పాడిరి. పశ్చిమ వర్జీనియాకు చెందిన అంధుడు ఆల్ఫ్రెడ్ రీడ్ రైలుప్రమాదము కథగా కట్టి పాడెను. ఎల్ వాట్సన్ అను నల్లజాతి కళాకారుడు మౌతార్గన్ వాయించెను. ఆగస్టు 4న, ముందునాటి రాత్రియే తన బృందమువారితో పొత్తు చెడిన జిమ్మీ రాజర్స్ అను పూర్వపు రైల్వే పనివాడు, గిటారుతో ఒంటరిగా నిలిచి రెండు పాటలు పాడెను. క్షయరోగముతో 1933లో కన్నుమూయునాటికి అతని పేరెరుగని పల్లె అమెరికా దక్షిణభాగమున లేకుండెను.

నా మనసు నిలిచినది మాత్రము కార్టర్ కుటుంబముపైన. క్లించ్ పర్వతపు పాదమున, సారము తక్కువైన నేలవలన పూర్ వ్యాలీ, అనగా పేదలోయ, అను పేరుపొందిన చోట ఏ.పి. కార్టర్ అను పండ్లమొక్కల వ్యాపారి కాపురముండెను. భార్య సారా, ఆటోహార్ప్ అను బహుతంత్రీవాద్యమును ఒడిలోనుంచుకొని గంభీరమైన గొంతుతో పాడునది. తమ్ముని భార్య మేబెల్, పదునెనిమిదేండ్ల పడుచు, గిటారు వాయించునది. బ్రిస్టల్ అక్కడికి సుమారు 25 మైళ్లు. ఏ.పి.కి కారు లేదు, తమ్మునికి కలదు. నిండు గర్భిణియైన భార్యను ఆ దారిన పంపుటకు తమ్ముడు సమ్మతింపకపోగా, నీ మొక్కజొన్నచేను కలుపు నేను తీసెదనని అన్న మాటయిచ్చి కారు సంపాదించెనని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. చంటిబిడ్డను, ఎనిమిదేండ్ల కూతురును వెంటబెట్టుకొని, దారిలో టైరు పోగా అతుకువేసికొని, వారు ఊరు చేరిరి. ఆగస్టు 1 సాయంకాలము నాలుగు పాటలు, మరునాడు ఉదయము రెండు పాటలు మైనముపైకి ఎక్కినవి. ఇంటికిపోయి ఏ.పి. కలుపు తీసెనో లేదో చరిత్ర చెప్పదు. తీసియుండునని నా నమ్మకము.

మేబెల్ చేతివాటమును గూర్చి రెండు మాటలు చెప్పకపోయినచో అన్యాయమగును. అంతవరకు అక్కడ గిటారు తాళము పట్టునట్టి పక్కవాద్యమే. స్వరము నడిపించునది ఫిడేలో బాంజోనో అయియుండెను. ఈమె బొటనవ్రేలితో లావు తంత్రులపై పాటవరుసను మీటుచు, చూపుడువ్రేలితో సన్నతంత్రులను పైకిని క్రిందికిని గీయుచు, ఒక్కచేతితో స్వరమును లయను కూడ పలికించెను. ఈ పద్ధతికి 'కార్టర్ స్క్రాచ్' అని పేరుపడినది. నేడు గిటారు నేర్చు అమెరికా బాలురు, నేర్పినవాని పేరెవరిదైనను, ఈమె శిష్యపరంపరలోనివారే.

ఇక పాటల మాట. పీర్ కంపెనీనుండి జీతముకంటె పాటల ప్రచురణహక్కులనే ముఖ్యముగా కోరినవాడగుటచేత, ఎవరి పేరునను ఇంకను నమోదుకాని పాట, లేదా క్రొత్తగా దిద్దిన పాతపాట, ఆయనకు ఎల్లప్పుడు కావలెను. అందువలన ఏ.పి. కొండలపైబడి పాటలు ఏరుటకు తిరిగెను. ఆయనకు మాటలు వ్రాసికొనుట వచ్చును గాని వరుస జ్ఞాపకముండదు. ఆ లోటు తీర్చినవాడు లెస్లీ రిడిల్ అను నల్లజాతి గిటారువాద్యకుడు. యౌవనముననే సిమెంటు కర్మాగారములోని ప్రమాదమున ఒక కాలు పోగొట్టుకొన్నవాడు. ఊరూర నల్లవారి యిండ్లకును తెల్లవారి యిండ్లకును ఇరువురు కలిసి పోవుదురు, ఏ.పి. కాగితముపై చరణములెక్కించుచుండగా రిడిల్ వరుసను మనసున నిలుపుకొని, తిరిగివచ్చి సారాకు, మేబెల్‌కు వినిపించును. మేబెల్ అతని వ్రేళ్లనుచూచియు నేర్చుకొన్నది. అట్లు చేరిన పాటలు ఏ.పి. పేర నమోదైనవి; వాని ఆదాయమున రిడిల్‌కు పాలు లేదు. అతడు న్యూయార్క్ రాష్ట్రమునకు వలసపోయి, గిటారు మానెను. 1960ల నడుమ, మేబెల్ నోట అతని పేరువిని మైక్ సీగర్ అను గాయకుడు వెదకిపోయి మరల గిటారు చేతికిచ్చి పాడించి రికార్డు చేసెను. ఆ మాత్రపు న్యాయమైనను జరుగుటకు ముప్పది యేండ్లు పట్టినది.

సారా, ఏ.పి. దాంపత్యము 1936లో విడాకులతో ముగిసినను, కలిసి పాడుట 1943 వరకు సాగినది. మెక్సికో సరిహద్దునందలి మహాశక్తిగల రేడియోకేంద్రమునుండి వారి పాట దేశమంతటను వినవచ్చెడిది. తరువాత సారా కాలిఫోర్నియాకు పోయెను, మేబెల్ కుమార్తెలతో వేరొక బృందమై కీర్తిపొందెను, ఏ.పి. పేదలోయకు మరలివచ్చి చిన్న కిరాణాకొట్టు పెట్టుకొని 1960లో గతించెను. దేశము ఆయనను మరచియుండెను. అవసానకాలమున ఆయన, ఈ పాటను ఎవరైనను నిలుపవలెనని కోరగా, కూతురు జానెట్ నేను నిలిపెదనని మాటయిచ్చినది.

ఆమెకు ధనము లేదు. పాఠశాలలో వంటచేయుచు పిల్లలను పెంచుకొన్న గృహిణి. 1974లో తండ్రి కొట్టునే ఊడ్చి, శనివారపు రాత్రులు ఇరుగుపొరుగును పిలిచి పాటకచేరి ప్రారంభించెను. కొట్టు చాలకపోగా, 1976లో తమ్ముడు జో, నాడు చంటిబిడ్డగా బ్రిస్టల్‌కు పోయినవాడు, కొండవాలున చెక్కలతో పెద్దశాల కట్టెను. ఎనిమిదివందలమందికి పైగా కూర్చుండు ఆ శాలలో పాతబడిన బడిబస్సుల సీట్లును ఆసనములైనవి. దానికి 'కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్' అని పేరు. ఫోల్డ్ అనగా సంధ్యవేళ గొఱ్ఱెలు చేరుకొను దొడ్డి. నియమములు రెండు: మద్యము కూడదు, విద్యుత్ వాద్యములు కూడవు. వేదికయెదుట కొంతమేర ఖాళీగా విడిచినందున, ఫిడేలు అందుకొనగనే డెబ్బదియేండ్ల అవ్వలు, ఏడేండ్ల మనుమరాండ్రు లేచి, చెప్పుల అడుగున తాపిన లోహపుబిళ్లలతో నేలపై తాళము మ్రోగించుచు నృత్యము చేయుదురు. నేలకు పాదమంటి యుండగనే చప్పుడు పుట్టించు ఆ ఆటను 'ఫ్లాట్‌ఫుట్' అందురు.

మేబెల్ కుమార్తె జూన్‌ను పెండ్లాడిన సుప్రసిద్ధ గాయకుడు జానీ క్యాష్ ఆ శాలకు బంధువుగా వచ్చి పాడిపోవుచుండెను. 2003 మే నెలలో జూన్ మరణించినది. జూలై 5న, నడువలేని స్థితిలో, ఆయన ఆ వేదికనుండి పాడెను. అదియే ఆయన కడపటి కచేరి. సెప్టెంబరులో ఆయనయు పోయెను. లక్షలమందికి పాడినవాడు చివరిపాటను పేదలోయవారి యెదుట పాడెను.

బ్రిస్టల్ పట్టణము కూడ తన ఋణమును తీర్చుకొనుచున్నది. 2001లో మొదలైన మూడుదినముల సంగీతోత్సవము సెప్టెంబరునందు స్టేట్ స్ట్రీటున జరుగును. 2014 ఆగస్టు 1న, కార్టర్ కుటుంబము తొలిసారి రికార్డునకు పాడిన తేదీననే, సంగీతచరిత్ర ప్రదర్శనశాల తెరచిరి. టోపీలమేడ నేడు లేదు. వేలమంది వచ్చు ఆ యుత్సవము మంచిదే, ఊరికి బ్రతుకుతెరువును కూడ. అయినను, ఒకటి యెన్నుకొమ్మన్నచో నేను కొండవాలున నున్న చెక్కశాలనే యెన్నుకొందును. ఏలయన అక్కడికి వచ్చువాడు చూచిపోవుటకు రాడు, ఆడుటకును పాడుటకును వచ్చును, వానితోడ వాని బిడ్డ వచ్చును. పాఠకులలో నెవరైన ఆ కార్టర్ పాటలను విన తటస్థించినచో, రికార్డుపై నున్న పేరు ప్రక్కను లెస్లీ రిడిల్ పేరును తామే చేర్చి చదువుకొనవలసినదని నా ప్రార్థన.

జానెట్ కార్టర్‌కు 2005లో ప్రభుత్వమువారు జాతీయ వారసత్వ పురస్కారమునిచ్చిరి. మరుసటి జనవరిలో ఆమె మరణించినది. శనివారపు రాత్రి ఏడున్నర గంటలకు కచేరి నేటికిని జరుగుచున్నది.