మందుల తోట నుంచి మునిసిపల్ పార్కు దాకా

జనాన్ని వెంటబెట్టుకుని తోటంతా తిప్పుతూ చెట్ల సంగతులు చెప్పడం ఇప్పుడు నగరాల్లో ఆదివారం పొద్దుటి ముచ్చట. మొదట్లో అది ముచ్చట కాదు, వృత్తి అవసరం. లండన్‌లో మందులు తయారుచేసే అపోతికరీల సంఘం 1617లో ఏర్పడింది. కొద్ది ఏళ్లకే శిష్యులను ఊరి బయటికి నడిపించి మొక్కలు గుర్తుపట్టడం నేర్పసాగింది. ఆకు పోలికలో పొరబడితే పోయేది రోగి ప్రాణం మరి! 1673లో ఆ సంఘం చెల్సీలో సొంతంగా మందుల తోట వేసుకుంది. దాని తలుపులు మామూలు జనానికి తెరుచుకున్నది మాత్రం 1983లోనే.

ఈ నడకకు పండగ కళ తెచ్చినవాడు స్వీడన్‌లో ఉప్సలా ఆచార్యుడు లినేయస్. 1740ల్లో ఆయన వెంట వేసవి శనివారాల్లో పెద్ద గుంపే కదిలేది. పల్చటి నారబట్టలు, వెడల్పు టోపీలు, ముందే గీసుకున్న దారులు. ఎవరికే మొక్క దొరికినా తెచ్చి ఆయన ముందు పెట్టడం, ఆయన దాని పేరూ గుణమూ విప్పి చెప్పడం. సాయంత్రం టోపీల్లో పూలు గుచ్చుకుని, డోళ్లు, కొమ్ముబూరలతో విశ్వవిద్యాలయం తోట దాకా ఊరేగింపు, అక్కడ గురువుగారికి జేజేలు. అంతటి పాఠం ఏ తరగతి గదిలో సాగుతుంది?

19వ శతాబ్దం తోటల తలుపులు తెరిచింది గానీ నోరు తెరవలేదు. లండన్‌లోని క్యూ ఉద్యానం 1841లో ప్రజాపరమైంది. తర్వాత దాని డైరెక్టరైన జోసెఫ్ హుకర్, పొద్దుటి వేళ శాస్త్ర పరిశోధనకేనని, జనాన్ని రానివ్వనని భీష్మించుకున్నాడు.

1986లో న్యూయార్క్‌లో ఇంకో తమాషా. సెంట్రల్ పార్కులో తినదగ్గ కలుపుమొక్కలు చూపిస్తూ జనాన్ని తిప్పే స్టీవ్ బ్రిల్‌ను, డాండెలియన్ ఆకు తిన్నాడని అరెస్టు చేశారు. పత్రికలు ఏకిపారేశాయి. చివరికి నగర పార్కుల శాఖే కేసు వదిలేసి, అవే నడకలు నడిపించమని ఆయనను ఉద్యోగంలోకి తీసుకుంది. అధికారులకు బుద్ధి వచ్చిన అరుదైన ఘట్టాల్లో ఇదొకటి.

మన దేశంలో చెప్పుకోవాల్సింది బెంగళూరు లాల్‌బాగ్. 1760లో హైదర్ అలీ వేయించిన ఈ తోట 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. గాజు భవనంలో పూల ప్రదర్శనలకు జనం ఏనాడూ కొరవడలేదు. కానీ ఏ చెట్టు ఏ ఖండం నుంచి వచ్చిందో, ఎవరు తెచ్చి నాటారో నిలబెట్టి చెప్పినవాళ్లు విజయ్ తిరువాడి వంటి కొద్దిమందే. అక్కడి నడక చెట్లతో ఆగదు. కెంపేగౌడ బురుజును మోస్తున్న బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లని విన్నాక, హైదర్ అలీ నిన్నటివాడనిపిస్తాడు. 2014లో అదే బెంగళూరులో పౌరులు ‘నెరళు’ పేరిట చెట్ల పండగే మొదలుపెట్టారు.

హైదరాబాద్ కేబీఆర్ పార్కులో రోజూ వేలమంది చెమటోడ్చి నడుస్తారు. పక్షుల కోసం, చెట్ల కోసం జరిగే నడకలు లేకపోలేదు, మాటలు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే. మన మునిసిపాలిటీలకు ఒక్క విన్నపం. ఊరికో పార్కులో నెలకో ఆదివారం తెలుగులో నడక పెట్టండి. ముందు నడిచే పని ఆ పార్కు తోటమాలికే అప్పగించండి, కూలి కాక వేరే పారితోషికం ఇచ్చి.